ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో గవర్నర్ ఎవరి మనిషి?

గవర్నర్ అనగానే మనకు గుర్తొచ్చేది కేంద్రం పంపిన మనిషి. 1984లో ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ గద్దె దించిన తీరు చూసినవాళ్లకైతే ఇక చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలో లెక్క వేరు. అక్కడ ఆరు రాష్ట్రాల గవర్నర్లూ నేరుగా, ఆస్ట్రేలియాకూ రాజైన బ్రిటన్ రాజుగారి ప్రతినిధులు, ఎవరిని వేయాలో సలహా ఇచ్చేది ఆ రాష్ట్ర ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు. కాన్‌బెర్రాలోని కేంద్రానికి ఇందులో పాత్రే లేదు. 1901లో ఒక దేశంగా కలవకముందు అవన్నీ వేర్వేరు బ్రిటిష్ కాలనీలు, దేనికదే లండన్‌తో తెగని సంబంధం పెట్టుకుంది, కలిశాక కూడా వదులుకోలేదు.

1788లో ఖైదీల ఓడలతో వచ్చిన మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ కాలంలో చట్టసభ లేదు, ఆయన మాటే చట్టం. 1850ల నుంచి ఎన్నికైన ప్రభుత్వాలు వచ్చాయి, గవర్నర్లు మంత్రుల సలహా మీద నడవడం మొదలైంది. అయినా అవసరం పడితే సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

దాని అసలు బలం 1932లో న్యూ సౌత్ వేల్స్‌లో బయటపడింది. మహా మాంద్యం రోజులవి, జనానికి పనుల్లేవు. ప్రీమియర్ జాక్ లాంగ్ బ్రిటన్ అప్పులకు వడ్డీ కట్టడం ఆపేశాడు. కేంద్రమే ఆ వడ్డీ కట్టి, రాష్ట్రం నుంచి రాబట్టుకోవడానికి చట్టం తెచ్చింది. లాంగ్ ఊరుకోలేదు, డబ్బు కేంద్రం చేతికి చిక్కకుండా బ్యాంకుల్లోంచి నగదుగా తీయించి ట్రెజరీలో పెట్టించాడు, కేంద్రానికి డబ్బు జమ చేయొద్దని ఉద్యోగులకు సర్క్యులర్ కూడా పంపాడు. ఇది చట్టవిరుద్ధం, వెనక్కి తీసుకో లేదా రాజీనామా చెయ్యి అని గవర్నర్ ఫిలిప్ గేమ్ అడిగాడు. లాంగ్ రెండూ కుదరవన్నాడు. మే 13న పదవి పోయింది. జూన్ ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు కూడా. జనం తీర్పు అలా వచ్చింది కదా అని గేమ్ చేసింది సరైనదే అనే వాదన నాకు మింగుడుపడదు. చట్టం తప్పాడో లేదో తేల్చాల్సింది కోర్టు, లండన్ నుంచి వచ్చిన వైమానిక దళ అధికారి కాదు.

లండన్ పెత్తనం చాలా కాలం సాగింది. 1975లో క్వీన్స్‌లాండ్ గవర్నర్ కాలిన్ హానా కేంద్రంలోని ప్రధాని విట్లం ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించాడు. తర్వాత ఆయన పదవీకాలం పొడిగించాలని ప్రీమియర్ జో బ్యెల్కే-పీటర్సన్ కోరుకున్నా, బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. రాణికి సలహా ఇచ్చేది అప్పటికి వాళ్లే మరి! 1986 మార్చి 3న ‘ఆస్ట్రేలియా యాక్ట్స్’ అనే చట్టాలు అమల్లోకి వచ్చాకే ఆ సలహా హక్కు ప్రీమియర్లకు దక్కింది.

ఆ మరుసటి ఏడాదే అదే జో చిక్కుల్లో పడ్డాడు. సొంత పార్టీ కొత్త నాయకుడిని ఎన్నుకున్నా కుర్చీ దిగనన్నాడు. తొలగించడానికి ఇంతకంటే సాకు ఏం కావాలి? అయినా గవర్నర్ వాల్టర్ క్యాంప్‌బెల్ తొందరపడలేదు, వ్యవహారం రాజకీయంగానే తేలనిచ్చాడు. 1987 డిసెంబర్ 1న జో తనంతట తానే రాజీనామా చేశాడు.