తాతకు తుమ్ము, మనవడికి ఆక్సిజన్

"నాకు రెండు రోజులు పడిశం పట్టి తగ్గింది. నా నుంచి అంటుకున్న మా ఏడు వారాల మనవడికి నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. వాడిది వేరే జబ్బు కదా?" అని ఒక పెద్దాయన అడిగారు.

కాకపోవచ్చండీ. ఇద్దరిదీ ఒకే వైరస్ అయ్యుండొచ్చు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మామూలు జలుబుగానే పోతుంది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారి సోకుతుంది. తేడా అంతా ఊపిరి వెళ్లే గొట్టంలో ఉంది.

కొబ్బరిబోండాం స్ట్రా ఒకటి, జ్యూస్ ప్యాకెట్‌తో వచ్చే సన్న స్ట్రా ఒకటి తీసుకోండి. ముక్కు మూసుకుని ఒక్కోదానితో కాసేపు ఊపిరి తీయండి (ఆయాసం ఉన్నవాళ్లు వద్దు). సన్నదానితో పదిసార్లు పీల్చేసరికి మెడ నరాలు బిగుస్తాయి. గొట్టం వెడల్పు సగమైతే గాలికి నిరోధం పెరిగేది రెండింతలు కాదు, 2×2×2×2, అంటే పదహారింతలు! రెండుకు నాలుగో ఘాతం అన్నమాట. 1840ల్లో ప్వాజేయ్ అనే ఫ్రెంచి డాక్టరు రక్తం ఎలా పారుతుందో తేల్చాలని సన్నటి గాజు గొట్టాలతో కుస్తీపట్టి కనిపెట్టిన లెక్క ఇది. మన కాలేజీల్లో దీన్ని మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు. ఆ నాలుగో ఘాతం పసిబిడ్డ ఛాతీలో ఉందని మాకెవరూ చెప్పలేదు.

తాతగారి గాలిగొట్టం 8 మిల్లీమీటర్లు, మనవడిది 4 అనుకుందాం. లోపలి పొర చుట్టూరా ఒక మిల్లీమీటరు వాచింది. తాతకు 6 మిగిలింది, నిరోధం మూడింతలు. మనవడికి మిగిలింది 2, అంటే పదహారింతలు. వాడు గుక్కపట్టి ఏడిస్తే గాలి సుడులు తిరుగుతుంది, అప్పుడు అయిదో ఘాతం: 32 ఇంతలు. ఆయాసపడే బిడ్డను ఏడిపించొద్దనేది అందుకే.

ఆర్‌ఎస్‌వీ దిగేది ఇంకా లోపలికి, మిల్లీమీటరు కూడా లేని గొట్టాల్లోకి. వైరస్ సోకిన కణాలు ఊడిపడి, కఫంతో కలిసి బిరడాలా అడ్డుపడతాయి. పీల్చేటప్పుడు గొట్టం కాస్త విచ్చుకుంటుంది, వదిలేటప్పుడు నొక్కుకుపోతుంది. గాలి లోపలే చిక్కుతుంది. పిల్లికూతలు, డొక్కలెగరేయడం ఇందుకే. రొమ్ము అందుకుని నాలుగు గుక్కలు తాగి వదిలేస్తాడు, మళ్లీ అందుకుంటాడు, మళ్లీ వదిలేస్తాడు. ముక్కుతోనే ఊపిరి తీసే వయసు, ఆ ముక్కేమో మూసుకుపోయింది.

ఇంట్లో మాత్రం బాలింత పెరుగు తిన్నదని తగువు. పెరుగుకు ఏ పాపమూ తెలియదు. ముక్కులో నూనె చుక్కలు వేయడం మాత్రం నిజంగా ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

ఈ వైరస్ మొదట దొరికింది 1956లో, అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో. మరుసటేడు రాబర్ట్ చానోక్ దాన్నే బాల్టిమోర్ పసిపిల్లల్లో పట్టుకున్నారు. 1960ల్లో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను టీకాగా ఇచ్చి చూశారు. ఒక ప్రయోగంలో టీకా వేసుకున్నాక వైరస్ సోకిన 20 మందిలో 16 మంది ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. తర్వాత దశాబ్దాలపాటు టీకా అంటేనే అందరికీ భయం.

చిక్కు ఎఫ్ ప్రొటీన్ ఆకారంలో ఉంది. వైరస్ పైన ఉండి, దాన్ని మన కణంతో కలిపేది ఇదే. కణంతో కలవకముందు దానిది ఒక రూపు, కలిశాక ఇంకో రూపు. వైరస్‌ను గట్టిగా ఆపే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది మొదటి రూపునే. పాత టీకా చూపించింది చాలావరకు రెండోదాన్ని. మొదటి రూపు ఎలా ఉంటుందో 2013లో బయటపడింది. దాన్ని కదలకుండా బిగించి చేసిన టీకాకు 2023లో అమెరికా అనుమతినిచ్చింది. అక్కడ 32 నుంచి 36 వారాల గర్భిణికి వేస్తారు. యాంటీబాడీలు మాయ దాటి, బిడ్డ పుట్టకముందే వాడి రక్తంలో చేరతాయి.