మార్వెల్ తారాగణంపై తగాదా: 2015లో చేతులు మారిన పెత్తనం

సూపర్‌హీరో సినిమాలు తీసే మార్వెల్‌కు యజమాని అయిన డిస్నీ డైరెక్టర్ల బోర్డులో స్థానం కోసం పోరాడిన మదుపరి నెల్సన్ పెల్ట్జ్, అందరూ ఆడవాళ్లే ఉండే మార్వెల్ సినిమా ఎందుకని, అందరూ నల్లజాతి నటులే ఎందుకని 2024 మార్చిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికతో అనడంతో, సూపర్‌హీరో పాత్రలు ఎవరికి దక్కాలన్న పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఆ స్థానంపై వాటాదారుల ఓటింగ్ అదే ఏడాది ఏప్రిల్ 3న జరిగింది. కామిక్స్ నాటి సంగతులు అభిమానులకు తెలిసినవే కనుక వాటిని తిరగదోడనవసరం లేదు. ఈ తగాదాకు అసలు మలుపు 2015 ఆగస్టులో వచ్చింది.

అప్పటివరకు కాలిఫోర్నియాలోని మార్వెల్ స్టూడియోస్ అధిపతి కెవిన్ ఫైగీ, న్యూయార్క్‌లోని మార్వెల్ ఎంటర్‌టైన్‌మెంట్ అధినేత ఐజాక్ పెర్ల్‌మటర్‌కు జవాబు చెప్పుకోవలసి ఉండేది. పెర్ల్‌మటర్ బొమ్మల వ్యాపారం నుంచి వచ్చినవారు. 2013 నాటి ‘ఐరన్ మ్యాన్ 3’లో ప్రధాన విలన్‌గా మొదట స్త్రీ పాత్రనే రాసుకున్నామని, ఆ పాత్ర ఆటబొమ్మ అంతగా అమ్ముడుపోదని కంపెనీ పైవర్గాలు అనడంతో స్క్రిప్టునే మార్చవలసి వచ్చిందని దర్శకుడు షేన్ బ్లాక్ తర్వాత వెల్లడించారు. అడ్డుచెప్పింది ఎవరో తనకు తెలియదని, ఫైగీ మాత్రం కాదని ఆయన అన్నారు. 2015లో వచ్చిన ‘అవెంజర్స్’ రెండో చిత్రంలో విమానం నుంచి మోటార్‌సైకిల్‌పై కిందికి దూకేది మహిళా హీరో బ్లాక్ విడో అయితే, దుకాణాల్లోకి వచ్చిన బొమ్మలో ఆ బండి మీద కూర్చున్నది కెప్టెన్ అమెరికా.

2014 ఆగస్టులో పెర్ల్‌మటర్ సోనీ పిక్చర్స్ అధిపతి మైకేల్ లింటన్‌కు రాసిన ఈమెయిల్ కూడా ఆ తర్వాత బయటపడింది. ‘ఎలెక్ట్రా’, ‘క్యాట్‌వుమన్’, ‘సూపర్‌గర్ల్’ చిత్రాల పరాజయాలను అందులో ఆయన ఏకరువు పెట్టారు. కథానాయిక ఉండటమే ఆ మూడింటినీ ఒక జాబితాలోకి చేర్చింది. నల్లజాతి హీరోలు, మహిళా హీరోలు విదేశాల్లో ఆడరని న్యూయార్క్ బృందం వాదించేదని, అడ్డుపుల్లలు వేయడం మానమని తానే పెర్ల్‌మటర్‌కు ఫోన్ చేసి చెప్పానని నాటి డిస్నీ అధినేత బాబ్ ఐగర్ 2019లో తన జ్ఞాపకాల పుస్తకంలో రాశారు. ఇందులో స్వోత్కర్ష కొంత ఉందనుకున్నా, ఆ ఈమెయిల్ ఆయన మాటకు బలమిస్తోంది.

నల్లజాతి హీరో కథ ‘బ్లాక్ పాంథర్’, మహిళా హీరో కథ ‘కెప్టెన్ మార్వెల్’ చిత్రాలను 2014 అక్టోబరులోనే ప్రకటించారు. అయితే 2015 ఆగస్టులో ఫైగీని పెర్ల్‌మటర్ కింద నుంచి తప్పించి డిస్నీ స్టూడియోస్ అధిపతి అలన్ హార్న్‌కు అప్పగించాకే, స్క్రిప్టులపై సలహాలిచ్చే న్యూయార్క్ కమిటీ ప్రాబల్యం ముగిసింది. రయాన్ కూగ్లర్ ‘బ్లాక్ పాంథర్’ దర్శకత్వం చేపట్టింది ఆ తర్వాతే. ప్రధాన తారాగణంలో తెల్లజాతి నటులు ఇద్దరే ఉన్న ఆ చిత్రం 2018లో 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి, 3 ఆస్కార్లు అందుకుంది. మరుసటి ఏడాది ‘కెప్టెన్ మార్వెల్’ 110 కోట్లు దాటింది.

తనకు మహిళలపై వ్యతిరేకత లేదని, ప్రేక్షకులు వినోదం కోసమే వస్తారు గానీ సందేశం కోసం కాదని పెల్ట్జ్ అన్నారు. 2023లో ముగ్గురు కథానాయికలతో వచ్చిన ‘ది మార్వెల్స్’ సుమారు 20 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయిన మాట నిజమే. అదే ఏడాది మూడో ‘యాంట్ మ్యాన్’ కూడా ముందటి భాగం కన్నా బాగా తక్కువ వసూలు చేసింది. హీరో తెల్లజాతి పురుషుడు కావడమే అందుకు కారణమని వాదించడం ఎవరికీ సబబుగా తోచదు.

పెర్ల్‌మటర్‌ను డిస్నీ 2023 మార్చిలో తొలగించింది. 2024 ఓటింగ్‌లో పెల్ట్జ్ చేతిలో ఉన్న వాటాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా పెర్ల్‌మటర్‌వే.