తేజస్‌ని బయటోళ్ళు ఎందుకు కొనట్లేదు? ఈ కథ 1955 నుంచి చూడాలి

నాలుగైదు నెలలకోసారి ఒక వార్త వస్తుంది, మన దేశం తయారుచేసుకున్న యుద్ధ విమానం తేజస్ మీద ఫలానా దేశం ఆసక్తి చూపిస్తోంది అని. మలేషియా అన్నారు, అర్జెంటీనా అన్నారు, ఈజిప్ట్ అన్నారు, ఫిలిప్పీన్స్ అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఎన్ని విమానాలు, ఎంత రేటు అని లెక్కలు కూడా వేసేస్తారు మనోళ్ళు. ఇప్పటిదాకా బయటి దేశానికి ఒక్క తేజస్ కూడా అమ్మలేదు, అదీ అసలు సంగతి. విమానమే బాలేదని కొందరు, ఇదంతా విదేశీ కుట్ర అని ఇంకొందరు, నాకైతే రెండూ సగం సగం మాటలే అనిపిస్తాయి. చవక ఫైటర్లు, ట్రైనర్లు (పైలట్లు నేర్చుకునే విమానాలు) అమ్ముకునే ఈ వ్యాపారానికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది, అందులో నెగ్గినోళ్ళెవరు మునిగినోళ్ళెవరు అని చూస్తే కొనేవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. వాడు ముందు అడిగేది మీ సొంత ఎయిర్‌ఫోర్స్ దగ్గర ఇవి ఎన్ని ఉన్నాయి, నాకు ఎప్పటికిస్తావు, ఇంజిన్ ఎవరిది అని. ఎంత బాగా ఎగురుతుంది అనేది ఆ తర్వాత మాట.

మొదలు బ్రిటన్‌లో. టెడ్డీ పెటర్ అని ఒక డిజైనర్, కాన్‌బెర్రా బాంబర్ ఆయన చేతి మీద వచ్చిందే. యుద్ధ విమానాలు ఏటికేడు బరువెక్కిపోతున్నాయి, రేటు పెరిగిపోతోంది, ఇట్లా అయితే చిన్న దేశాలు కొనలేవు అని ఆయన బాధ. ఫోలండ్ కంపెనీలో చేరి న్యాట్ అనే బుల్లి ఫైటర్ చేసాడు, 1955లో ఎగిరింది, రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి ఏడు మీటర్లు కూడా ఉండదు. కానీ బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్ దాన్ని ఫైటర్‌గా తీసుకోలేదు, ట్రైనర్‌గా మాత్రం తీసుకుంది. సొంతింట్లో కాదన్న ఫైటర్‌ని ఫిన్లాండ్ ఒక 13, యుగోస్లావియా 2 కొన్నాయి. మనం మాత్రం లైసెన్స్ తెచ్చుకుని బెంగళూరులోని ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్‌లో తయారుచేసుకున్నాం, 1965 యుద్ధంలో అది పాకిస్తాన్ సేబర్ జెట్లని పడగొట్టింది, 1971లో శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ పరమవీర చక్ర సాధించింది దీంట్లోనే. అంత పేరొచ్చాక కూడా ఫైటర్‌గా న్యాట్‌ని ఇంకెవరూ కొనలేదంటే చూడండి, యుద్ధంలో గెలవడం వేరు, అమ్ముడుపోవడం వేరు.

అదే టైంలో అమెరికాలో నార్త్రాప్ వాళ్ళకీ ఇలాంటి ఆలోచనే వచ్చింది, కానీ వాళ్ళ అదృష్టం వేరే. ఎఫ్-5 అని చిన్న ఫైటర్, దాని అక్కచెల్లెలు లాంటిది టి-38 ట్రైనర్. 1962లో కెనెడీ ప్రభుత్వం మిత్రదేశాలకి సైనిక సాయం కింద ఇవ్వడానికి ఎఫ్-5ని ఎంచుకుంది. ఇంకేముంది, ఇరాన్, దక్షిణ కొరియా, తైవాన్, నార్వే, ఇట్లా పదుల దేశాలకి పోయింది, చాలా చోట్ల మొదట్లో డబ్బు కట్టింది అమెరికా ఖజానానే. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, కొరియా వాళ్ళు 1980ల్లో ఈ ఎఫ్-5లని తమ దేశంలోనే అసెంబుల్ చేసుకున్నారు. దాని ఫలితం ముప్పై ఏళ్ళ తర్వాత కనపడుతుంది.

అవతలి పక్క సోవియట్ వాళ్ళు మిగ్-21ని పదివేల పైన తయారుచేసి స్నేహితులందరికీ పంచిపెట్టారు. ట్రైనర్లలో చెకోస్లోవాకియా ఎల్-39, బ్రిటన్ హాక్ రాజ్యమేలాయి. హాక్ వెయ్యి పైనే అమ్ముడుపోయింది, ఎల్-39 ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఎఫ్-20 గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మన తేజస్ మీద మాట్లాడే ప్రతివాడూ చదవాల్సిన కథ ఇది. కార్టర్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు అమెరికా తన టాప్ ఫైటర్లని అందరికీ అమ్మకూడదని పాలసీ పెట్టింది, దానికి తగ్గట్టు ఎగుమతికే ప్రత్యేకంగా ఒక మధ్యరకం ఫైటర్ చేసుకోండని కంపెనీలకి చెప్పింది. నార్త్రాప్ నమ్మింది. ప్రభుత్వం సొమ్ము లేకుండా సొంతంగా దాదాపు 120 కోట్ల డాలర్లు పోసి ఎఫ్-5 మీద ఎఫ్-20 టైగర్‌షార్క్ కట్టింది, పాత రెండు ఇంజిన్లు తీసేసి జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఎఫ్404 ఒకటే పెట్టింది. 1982 ఆగస్టులో ఎగిరింది, విమానం నిజంగానే బాగుంది, స్టార్ట్ చేసి నిమిషంలో గాల్లోకి లేచేది, ధ్వని వేగాన్ని మొదటిసారి దాటిన పైలట్ చక్ యేగర్ లాంటివాడు దానికి ప్రచారం చేసాడు. కానీ ఈలోపు రీగన్ వచ్చి పాలసీ మార్చేసాడు, పాకిస్తాన్‌కి టాప్ ఫైటర్ ఎఫ్-16నే ఇస్తానన్నాడు, వెనెజులాకి ఇస్తానన్నాడు. అసలుది దొరుకుతుంటే మధ్యరకం ఎవడు కొంటాడు? తైవాన్ కొందామనుకుంటే చైనా మొహం చూసి వాషింగ్టనే వద్దంది. ఇంకోపక్క ప్రతి దేశం అడిగిన ప్రశ్న ఒకటే, మీ ఎయిర్‌ఫోర్స్ ఎన్ని కొంది అని. సున్నా. 1984లో కొరియాలోని సువాన్‌లో డెమో ఇస్తూ ఒకటి కూలింది, 1985లో పారిస్ ఎయిర్‌షోకి పోతూ కెనడా గూస్‌బేలో ప్రాక్టీస్ చేస్తుంటే ఇంకోటి కూలింది, రెండిట్లోనూ పైలట్లు పోయారు. విమానంలో లోపం ఉందని ఏ దర్యాప్తులోనూ తేలలేదు, అయినా ఉన్నవే మూడు, అందులో రెండు పోయాయి. 1986 చివర్లో మూసేసారు. ఒక్కటి కూడా అమ్మలేదు.

ఇక మనవైపు వద్దాం. 1983లో ఎల్‌సీఏ (తేలికపాటి యుద్ధ విమానం, తర్వాత తేజస్ అని పేరు పెట్టింది దీనికే) ప్రాజెక్టుకి అనుమతి, మరుసటి ఏడాది దాన్ని నడపడానికి ఏడీఏ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. అప్పటి ఉద్దేశం ఎగుమతి గిగుమతి ఏమీ కాదు, మిగ్-21లు ముసలివైపోతాయి వాటి ప్లేసులోకి మనది రావాలి, అంతే. సొంత ఇంజిన్ కావేరి అనుకున్నారు, అది థ్రస్ట్ (విమానాన్ని ముందుకి తోసే బలం) సరిపోక 2008లో తేజస్ నుంచి విడదీసేసారు. అంతదాకా టెంపరరీగా పెట్టిన ఎఫ్404యే పర్మనెంట్ అయిపోయింది, అవును, ఆ టైగర్‌షార్క్‌లో ఉన్న ఇంజిన్ కుటుంబమే. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి, ఫ్లైట్ కంట్రోల్ సిస్టం మీద అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లని వెనక్కి పంపించేసింది, ఆ పని ఇక్కడే పూర్తిచేసుకున్నారు. 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ మొదటిసారి దాన్ని ఎగరేసారు. స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. మధ్యలో ఆ పదిహేనేళ్ళలో కొరియా వాడు ఏం చేసాడో చూడండి.

కొరియా కంపెనీ కేఏఐ లాక్‌హీడ్ మార్టిన్‌ని పక్కన పెట్టుకుని టి-50 అని సూపర్‌సానిక్ ట్రైనర్ చేసింది, 2002 ఆగస్టులో ఎగిరింది, అంటే తేజస్ కంటే ఏడాదిన్నర లేటు. ఇంజిన్ మళ్ళీ అదే ఎఫ్404. ముందు ట్రైనర్‌గా సొంత ఎయిర్‌ఫోర్స్‌లో పెట్టారు, తర్వాత దానికే రాడార్, ఆయుధాలు తగిలించి ఎఫ్ఏ-50 అన్నారు, తాము అసెంబుల్ చేసుకున్న పాత ఎఫ్-5ల చోట్లోకి దించారు. 2011లో ఇండోనేషియా 16 కొంది, తర్వాత ఇరాక్ 24, 2014లో ఫిలిప్పీన్స్ 12, థాయిలాండ్ కొన్ని. 2022లో పోలండ్ ఏకంగా 48. ఈ పోలండ్ డీల్‌లో అసలు కీలకం ఏంటంటే ఉక్రెయిన్ యుద్ధం పక్కనే జరుగుతోంది, వాళ్ళకి అర్జెంటు, మొదటి 12 విమానాలు 2023లోనే చేతికిచ్చేసారు. సంతకం పెట్టిన ఏడాది చుట్టుపక్కల ఫైటర్ దొరకడం అంటే ఈ రోజుల్లో మామూలు విషయం కాదు.

మలేషియాలో పోటీ పెట్టినప్పుడు 18 విమానాల కోసం తేజస్ గట్టిగానే నిలబడింది, పాక్ చైనా జేఎఫ్-17 పేరు, టర్కీ హుర్‌జెట్ పేరు కూడా వినపడ్డాయి. 2023లో ఎఫ్ఏ-50కే ఇచ్చారు, సుమారు 92 కోట్ల డాలర్లు. కాగితం మీద తేజస్ ఎఫ్ఏ-50కి తీసిపోయే ఫైటరేమీ కాదు, రేటు కూడా దగ్గర దగ్గరే, 2021లో హెచ్‌ఏఎల్ చెప్పిన బేసిక్ రేటు ఫైటర్ ఒక్కోటి 309 కోట్ల రూపాయలు. మరి ఎక్కడ పోయింది అంటే, ఎఫ్ఏ-50 లేదా దాని అన్న టి-50 పక్కనున్న ఇండోనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో, థాయిలాండ్‌లో అప్పటికే ఎగురుతోంది. స్పేర్లు కావాలంటే ఎవరినడగాలో తెలుసు. మలేషియాకి ట్రైనరూ కావాలి లైట్ ఫైటరూ కావాలి, ఒకే దాంట్లో రెండూ వచ్చేసాయి.

అర్జెంటీనా కథ ఇంకో రకం. ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్‌తో చేసిన యుద్ధం 1982లో అయిపోయినా బ్రిటన్ ఇప్పటికీ వాళ్ళ ఆయుధాల మీద కన్నేసే ఉంచింది. 2020లో కేఏఐ వాళ్ళు అర్జెంటీనాకి సారీ చెప్తూ ఉత్తరం రాసారు, ఎఫ్ఏ-50లో ఆరు ముఖ్యమైన బ్రిటిష్ పార్టులున్నాయి, పర్మిషన్ రాలేదు అని. తేజస్‌దీ అదే తిప్పలు. పైలట్ కూర్చునే ఎజెక్షన్ సీటు మార్టిన్ బేకర్ కంపెనీది, ముక్కు మీద రాడార్‌ని కప్పి ఉంచే రాడోమ్ బ్రిటిష్ కంపెనీది, గాల్లో ఇంధనం ఎక్కించుకునే గొట్టం కూడా బ్రిటిష్‌దే. జేఎఫ్-17లో కూడా సీటు మార్టిన్ బేకర్‌దే, అంటే చైనావాడికి సైతం లండన్ గడప తొక్కాల్సిన పరిస్థితి. సీటు అంటే కుర్చీ మార్చినట్టు మార్చేయడం కుదరదు, దానికి రాకెట్ ఉంటుంది, పైన గాజు పగిలే టైమింగ్ ఉంటుంది, వేరే సీటు పెడితే మళ్ళీ టెస్టులన్నీ చేయాలి, అదంతా పన్నెండో పదహారో విమానాల ఆర్డర్ కోసం ఎవరు చేస్తారు. చివరికి 2024లో అర్జెంటీనా డెన్మార్క్ వాడేసిన ఎఫ్-16లు 24 తెచ్చుకుంది, విమానాల వరకు 30 కోట్ల డాలర్లు. మలేషియా లెక్కన ఆ డబ్బుకి కొత్త ఎఫ్ఏ-50లు దాదాపు ఆరు వస్తాయి. చవక కొత్త ఫైటర్‌కి అసలు శత్రువు ఇంకో చవక కొత్త ఫైటర్ అనుకుంటాం, నిజానికి సెకండ్ హ్యాండ్ ఎఫ్-16.

జేఎఫ్-17ని మనం ఎగతాళి చేస్తుంటాం గానీ మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్ కొన్నాయి. పాకిస్తాన్ సొంత ఎయిర్‌ఫోర్స్‌లో వంద దాటి పెట్టుకుంది, అమెరికా పర్మిషన్ అక్కర్లేదు, ఇంజిన్ రష్యాది. అమెరికాతో పడని దేశానికి అదే పెద్ద ఆకర్షణ.

మనకి ఇంకో పాత మరక ఉంది, ఈక్వెడార్. 2008లో హెచ్‌ఏఎల్ ధ్రువ్ హెలికాప్టర్లు ఏడు అమ్మింది, సుమారు 4.5 కోట్ల డాలర్లకి, యూరప్ కంపెనీల కంటే తక్కువ రేటు వేసి. నాలుగు కూలిపోయాయి. స్పేర్లు టైంకి రావట్లేదని అక్కడివాళ్ళ గోల, మెయింటెనెన్స్ సరిగా చేయలేదు పైలట్ల తప్పు ఉంది అని మన వాదన, మొత్తానికి 2015లో కాంట్రాక్ట్ రద్దుచేసి మిగిలినవి కూడా పక్కన పెట్టేసారు. తప్పెవరిదైనా లాటిన్ అమెరికాలో మన పేరు ముందు ఆ ఫైలే తెరుస్తారు.

ట్రైనర్ల సంగతి చెప్పుకుంటే కడుపు మండుతుంది. మిగ్-21 ఎక్కేముందు నేర్చుకోడానికి మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని లా ఫాంటెయిన్ కమిటీ 1982లో చెప్పింది. హాక్ కొనడానికి సంతకం పెట్టింది 2004లో. ఈ మధ్యలో పిల్ల పైలట్లు కిరణ్ అనే చిన్న ట్రైనర్ దిగి నేరుగా మిగ్ ఎక్కారు, ఎంతమంది పోయారో ఆ కుటుంబాలకి తెలుసు. హకీంపేట, దుండిగల్ వైపు ఉండేవాళ్ళకి ఈ కిరణ్‌ల చప్పుడు బాగా అలవాటే. దాని వారసుడిగా రావాల్సిన సితార 2003లో ఎగిరింది, స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందకి జారడం) పడితే బయటికి రావడం దగ్గర ఇరుక్కుపోయి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది, 2025లో బెంగళూరు ఏరో ఇండియా ఎయిర్‌షోలో యశస్ అని కొత్త పేరు పెట్టి మళ్ళీ చూపించారు. పేరు మారిస్తే ఆర్డర్లు రావు కదా. ఆ సితార 2010కే రెడీ అయ్యుంటే ఎల్-39లు మార్చుకుందామని చూసే చిన్న దేశాల మార్కెట్ మొత్తం మన ముందుండేది.

ఇప్పుడు పరిస్థితి చూస్తే, 2021లో 83 మార్క్-1ఏలకి (తేజస్‌లో మెరుగుపరిచిన రకం) ఆర్డర్, 2025 సెప్టెంబర్‌లో ఇంకో 97కి 62 వేల కోట్ల పైన ఆర్డర్, మొత్తం 180. సొంత ఎయిర్‌ఫోర్స్ కొనలేదనే మాట ఇక ఎవరూ అనలేరు. కానీ మొదటి మార్క్-1ఏ 2024 మార్చికి రావాలి, ఆ గడువు దాటిపోయింది. 99 ఎఫ్404 ఇంజిన్లకి 2021లోనే ఆర్డర్ ఇస్తే మొదటిది అందింది 2025 మార్చిలో, ఆ నవంబర్‌లో ఇంకో 113 ఇంజిన్లకి సంతకం పెట్టారు. మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరైపోయాయి, వాటి చోట్లోకి రావాల్సినవి అప్పటికి ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నవంబర్ 21న దుబాయ్ ఎయిర్‌షోలో డిస్‌ప్లే చేస్తూ తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. సువాన్, గూస్‌బే గుర్తొచ్చాయి నాకైతే, కాకపోతే తేడా కూడా ఉంది, నార్త్రాప్ వెనక ఒక్క ఆర్డర్ లేదు, ఇక్కడ 180 ఉన్నాయి.

ఉత్పత్తి పెంచడానికి బెంగళూరు లైన్లకి తోడు నాసిక్‌లో ఇంకో లైన్ పెట్టారు, అక్కడినుంచి మొదటి మార్క్-1ఏ 2025 అక్టోబర్‌లో ఎగిరింది. విమానం మధ్య భాగం, అంటే రెక్కలు అతికే ఆ పెద్ద ముక్క, హైదరాబాద్‌లో వెమ్ టెక్నాలజీస్ కట్టి 2025 మేలో మొదటిది హెచ్‌ఏఎల్‌కి అప్పజెప్పింది, తేజస్ మధ్య భాగం ప్రైవేటు కంపెనీ నుంచి రావడం అదే మొదలు. బయటివాడికి ఇవ్వాలంటే ఏటా మన స్క్వాడ్రన్లకి పోగా మిగలాలి, ఆ మిగులు ఈ హైదరాబాద్ షెడ్లలో, నాసిక్ లైన్‌లో పుట్టాల్సిందే. ఫిలిప్పీన్స్‌కి బ్రహ్మోస్ క్షిపణి ఇలాగే వెళ్ళింది, 2022 జనవరిలో సంతకం, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అక్కడ దిగింది, ఎందుకంటే అది అప్పటికే మన మూడు దళాల్లోనూ ఉంది, లైన్ నడుస్తోంది. అదే ఫిలిప్పీన్స్ 2025లో జెట్లు కావాల్సొచ్చి మళ్ళీ కొరియా దగ్గరికే పోయి ఇంకో 12 ఎఫ్ఏ-50లకి ఆర్డర్ ఇచ్చింది.