తెంచుకుంటేనే మనం మనమవుతామా?

"మేడమ్, నేను నేనుగా బతకాలంటే ఇంట్లోవాళ్లతో తెంచుకోవాల్సిందే కదా?" కౌన్సెలింగ్‌లో నేను ఈ ప్రశ్న వినని వారం లేదు. ఇండివిడ్యుయేషన్ (తనకంటూ సొంత వ్యక్తిత్వం ఏర్పరచుకోవడం) అంటే అదేనని ఎవరో వీడియోలో చెప్పారట. ఇలాంటి అరకొర మాటలు నమ్మి అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: తెగతెంపులు చేసుకుంటేనే సొంత వ్యక్తిత్వం వస్తుంది.

వాస్తవం: తెంచుకోవడం వేరు, ఎదగడం వేరు. కుటుంబాల మీద పనిచేసిన మానసిక వైద్యుడు మర్రే బోవెన్ ఈ రెంటినీ విడదీసి చూపించాడు. దూరం జరిగినంత మాత్రాన లోపలి ముడి విడిపోదు. వాళ్లమ్మతో మూడేళ్లుగా మాటల్లేని ఒకావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అద్దం ముందు నిలబడగానే "ఇదేం అవతారం?" అని అమ్మ గొంతే వినిపించిందట. ఆ గొంతు మీద కోపంతో మర్నాడు ఇంకా పొట్టి చేయించుకుంది. అమ్మ చెప్పినట్టు చేసినా, పంతానికి దానికి తలకిందులుగా చేసినా నిర్ణయం అమ్మదే అవుతుంది.

నాకిది చదువుకంటే ముందు మా నాన్న దగ్గరే తెలిసింది. నేను సైకాలజీ చదవడం ఆయనకు ఇష్టం లేదు. ఏడాదిపాటు ఆయన ఎదుట పడకుండా తిరిగి, అదే ధైర్యం అనుకున్నాను. చివరికి ఒకరోజు పక్కన కూర్చుని, చేతులు వణుకుతుంటే ఒళ్లో దాచుకుని, "నేను ఇదే చదువుతాను నాన్నా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కళ్లజోడు తుడుచుకుని, "తిన్నావా?" అన్నారు. నేను లేచి వెళ్లిపోలేదు. ఆ కూర్చోగలగడమే అసలు పని.

కొట్టే ఇంటి నుంచి, హింసించే మనిషి నుంచి బయటపడటం మాత్రం పూర్తిగా వేరే సంగతి. అక్కడ ముందు ప్రాణం కాపాడుకోవాలి.

అపోహ: ఇండివిడ్యుయేషన్ అంటే స్వార్థం.

వాస్తవం: కాదు. స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో 'సైకలాజికల్ టైప్స్' పుస్తకంలోనే దీన్ని వ్యక్తివాదం నుంచి వేరు చేశాడు. ఇది మనిషిని ఒంటరిని చేయదనీ రాశాడు.

అపోహ: టీనేజ్‌లో జరగకపోతే ఇక జరగదు.

వాస్తవం: యుంగ్ ఎక్కువగా మాట్లాడింది నడివయసు తర్వాతి జీవితం గురించే. నలభై దాటాయని దిగులు పడకండి.

ఇంట్లో గొడవై, ఆ టెన్షన్‌లో ఈ రాత్రే నంబర్లు బ్లాక్ చేద్దామనుకుంటున్నవాళ్లు ఒక్కరోజు ఆగండి. మీకేం కావాలో ఒక్క వాక్యం కాగితం మీద రాయండి. అందులో "వాళ్లు" అన్న మాట రాకూడదు. మొదటిసారి రాయలేకపోతే కంగారు పడకండి, చాలామందికి వారాలు పడుతుంది.