లెక్కకు దొరకని కాల్షియం

డిసెంబరు మొదటి వారంలో రాత్రి ఏడున్నర ప్రాంతంలో విశాఖ రుషికొండ తీరాన నిలబడి తూర్పుకు చూస్తే, సముద్రం మీద కాస్త ఎత్తులో మూడు చుక్కలు దాదాపు నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఓరియన్ నక్షత్రమండలానికి నడుముపట్టీగా చెప్పుకునే ఆ మూడింటిలో అన్నిటికన్నా ముందు నీటి అంచు దాటి పైకి వచ్చేది మింటాకా. నక్షత్రాల నడుమ ఉన్నది వట్టి శూన్యం కాదన్న తొలి గట్టి ఆధారం ఈ చుక్క వెలుగులోనే దొరికింది.

1904లో జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాలలో ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహానెస్ హార్ట్‌మన్ దాని వర్ణపటాన్ని, అంటే రంగులుగా విడదీసిన వెలుగును, పరిశీలించాడు. కంటికి ఒకటిగా కనిపించినా మింటాకాలో రెండు నక్షత్రాలు 5.7 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి కనుక, వర్ణపటంలో ఒక్కో మూలకానికి గుర్తుగా పడే గీతలు ఆ తిరుగుడుకు తగ్గట్టు ఒకసారి ఎరుపు వైపుకు, మరొకసారి నీలం వైపుకు జరగాలి. తక్కిన గీతలు అలాగే జరిగాయి. కాల్షియానికి చెందిన ఒక సన్నని గీత మాత్రం వాటితో పాటు ఊగలేదు. ఆ కాల్షియం నక్షత్రానిది కాదని, వెలుగు మనదాకా వచ్చే దారిలోని వాయువుదని హార్ట్‌మన్ గ్రహించాడు.

ఆ వాయువు పలచదనం ఊహకు అందడం కష్టం. మన సముద్రతీరపు గాలి ఒక ఘన సెంటీమీటరులో 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులుంటే, నక్షత్రాల నడుమ అంతే చోటులో సగటున ఒక్క పరమాణువు ఉంటుంది. బరువులో నూటికి సుమారు 70 పాళ్లు హైడ్రోజన్, 28 పాళ్లు హీలియం. మిగిలిన మూలకాలన్నీ కలిసినా రెండు పాళ్లకు మించవు.

అసలు చిక్కు ఆ రెండు పాళ్ల దగ్గరే వచ్చింది. 1972లో ప్రయోగించిన కోపర్నికస్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చేసిన కొలతలనూ, భూమి మీది దూరదర్శినుల కొలతలనూ కలిపి చూస్తే, జీటా ఓఫియూకై నక్షత్రానికి ముందున్న మేఘంలో ఇనుము ఉండవలసినదానిలో నూరో వంతు కూడా లేదు. కాల్షియం వెయ్యో వంతుకు లోపే. గంధకం మాత్రం పెద్దగా తగ్గలేదు. అన్నిటికంటే ఎక్కువగా దాగిన మూలకాల్లో ఒకటే హార్ట్‌మన్‌కు మొదట చిక్కడం నాకెప్పుడూ విచిత్రంగానే తోస్తుంది. ఆ గీత అంత బలమైనది కాబట్టే అంత కొద్దిపాటి కాల్షియమూ పట్టుబడింది.

తప్పిపోయిన సరుకు ధూళిలో ఉంది. చలికాలపు ఉదయాన మన వంటింటి అలమరలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టినా, పక్కనున్న నువ్వులనూనె పారుతూనే ఉంటుంది. ముసలి నక్షత్రాలు వెళ్లగక్కిన వేడి వాయువు చల్లారేటప్పుడు కూడా కాల్షియం, అల్యూమినియం ముందుగా గట్టిపడతాయి. తరువాత మెగ్నీషియం, సిలికాన్, ఇనుము ఇసుకను పోలిన సిలికేటు రేణువులవుతాయి. కార్బన్ ఎక్కువగా ఉన్న నక్షత్రాల దగ్గర మసి వంటి రేణువులు పుడతాయి. వాయువులో మిగిలిన పరమాణువులు కూడా కాలక్రమేణా ఈ రేణువులకు అంటుకుంటాయి. మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు ఉండే ఈ రేణువులన్నీ కలిసి వాయువు బరువులో నూరో వంతు మాత్రమే.

ఇంత కొద్ది ధూళి చేసే పని మాత్రం పెద్దది. రెండు హైడ్రోజన్ పరమాణువులు శూన్యంలో ఢీకొంటే, పుట్టిన శక్తిని వదిలించుకునే దారి లేక మళ్లీ విడిపోతాయి. రేణువు మీద కలిస్తే ఆ శక్తిని రేణువు పుచ్చుకుంటుంది, అణువు నిలుస్తుంది. చీకటి మేఘాల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 260 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయినప్పుడు రేణువు చుట్టూ నీటి మంచు పొర కడుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడుకు హైడ్రోజన్ చేరుతూ మిథనాలు అనే ఆల్కహాలు తయారవుతుంది. మన ఫిషింగ్ హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ పక్కగా వెళ్తున్నప్పుడు ముక్కుకు ఘాటుగా తగిలే అమ్మోనియా కూడా ఈ మేఘాల్లో ఉంది. దాన్ని 1968లో రేడియో తరంగాల ద్వారా గుర్తించారు. ఇప్పటికి నక్షత్రాల నడుమ గుర్తించిన అణువుల రకాలు 300 దాటాయి.

సమీపంలో కొత్త నక్షత్రం వెలిగితే ఆ మంచు ఆవిరై, మిథనాలు వాయువులోకి వస్తుంది. కాల్షియానికి ఆ వేడి చాలదు. నక్షత్రాల పేలుళ్ల తాకిడికి రేణువే అరిగిపోవాలి. వేగంగా కదిలే మేఘాల్లో సోడియంతో పోలిస్తే కాల్షియం వంతు ఎక్కువని 1952లోనే ఖగోళ శాస్త్రజ్ఞులు రూట్లీ, స్పిట్జర్ చూపారు. ఆ మేఘాల్లోని రేణువులు అప్పటికే దెబ్బతిని, దాచుకున్న కాల్షియాన్ని కొంత వదిలేశాయి.