మందు ఆకు మీంచి మట్టిలోకి దిగింది

యాసంగి (రబీ) నాట్లు మొదలయ్యాయంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పురుగుమందు గుళికల పంచాయితీ మళ్లీ లేస్తుంది. గుళికలు పడీ పడీ చెల్క (తేలిక నేల) గట్టిపడిందని, ఎంత దున్నినా ఒక్క ఎర్ర (వానపాము) కనబడటం లేదని రైతులంటారు. యూరియా గుమ్మరించి తప్పు మందుల మీదికి తోస్తున్నారని దుకాణాలవాళ్లంటారు.

సాగర్ ఎడమ కాలువ, కొత్త వరి వంగడాలు, పత్తి... వాటి వెంట మందులొచ్చిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు గుళికలతో వచ్చింది. పంపుతో కొట్టిన మందులో చాలావరకు ఆకు మీద పడేది. గుళిక నేరుగా మట్టిలోకే పోతుంది. వరి కాండాన్ని తొలిచే మొగిపురుగుకు ఎకరాకు 10 కిలోల కార్బోఫ్యూరాన్ 3జీ (3 శాతం మందున్న గుళికలు), నారు పీకే వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాములు: సిఫారసు ఇంతే. కానీ పంపు మోసే బాధ తప్పింది కదా! ఒడ్డు మీద పట్టా పరిచి, యూరియాలో గుళికలు కలిపి చల్లితే పని అయిపోతుంది. అట్లా పురుగు ఉన్నా లేకున్నా ఎరువుతో పాటే విషం వేయడం అలవాటైంది. నా దృష్టిలో నేల దెబ్బతిన్నది అక్కడే.

ఎర్రకు ఊపిరితిత్తులుండవు. తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది, మట్టినే మింగి బతుకుతుంది. మట్టి తేమలో కరిగిన మందు దానికి చర్మం నుంచీ, కడుపు నుంచీ ఎక్కుతుంది. కార్బోఫ్యూరాన్ తగిలిన ఎర్రలు పైకొచ్చి మెలికలు తిరుగుతాయి, ఒంటి మీద వాపులు, పుండ్లు లేస్తాయి. వాటిని ఏరుకు తినే పిట్టలకూ ముప్పే. ఎర్రలు పోతే వాటి బొరియలూ పోతాయి, వాన నీళ్లు ఇంకే దారి తగ్గుతుంది. అసలే కర్బనం తక్కువున్న ఎర్రమట్టి చెల్క, వాన వెలిసి ఎండ కాస్తే పైన అట్ట కడుతుంది.

నీళ్లు నిలిచే మడిలో ఎర్రలు ఎట్లాగూ తక్కువేనని, పశువులు పోయి పెంట (పశువుల ఎరువు) లేకుండా పోవడమే కారణమని మందులవాళ్ల వాదన. పెంట మాట నిజమే. నీళ్ల మాట మాత్రం పాలమూరు చెల్కకు సరిపోదు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక, 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, జొన్న, ఆముదం, కంది పండిన చెల్కల్లోకి వరి దిగింది. దాని వెంట గుళికలూ దిగాయి.

2018లో కేంద్రం ఇచ్చిన నిషేధ ఉత్తర్వుతో ఫోరేట్ అనే మరో గుళికల మందు వాడకానికి 2020 డిసెంబరు 31తో తెరపడాలి. 2023లో కార్బోఫ్యూరాన్ మిగతా రూపాలన్నీ ఆపి 3 శాతం గుళికలను మాత్రం వదిలేశారు. మన పొలాల్లో పడేది ఆ 3 శాతమే. 10 కిలోల సంచిలో 300 గ్రాముల అసలు విషం.

గుళికలతోనే నేల చెడిందన్న రైతు మాటకు ఆధారమేదని మందులవాళ్లు అడుగుతున్నారు. ఎక్కడి నుంచి వస్తుంది? 2015లో మొదలైన భూసార కార్డు 12 అంశాలు చూస్తుంది. నత్రజని నుంచి బోరాన్ దాకా అన్నీ ఉన్నాయి, ప్రాణుల లెక్క లేదు, మందు అవశేషాల లెక్కా లేదు. ఎర్రలను లెక్కపెట్టడానికి ల్యాబు అక్కర్లేదు. పావు మీటరు పొడవు, వెడల్పు, లోతున మట్టి తవ్వి చేత్తో ఏరితే చాలు. ప్రతి 5 వేల ఎకరాలకో ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) ఉండాలని పెట్టుకున్న రాష్ట్రం మనది. గుళికలు పడే చెల్కలో ఒకసారి, పడని పక్క చెల్కలో ఒకసారి ఆ గుంత తవ్వించి, వచ్చిన లెక్కను గ్రామసభలో చదివించాలి.