వెనక మడ్‌గార్డు ఒక్కటి వేస్తే చాలా? రోడ్ బైక్, వానాకాలం: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, షాపులో మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, రోడ్ బైక్‌కి మడ్‌గార్డు పడుతుందా? పడితే వెనకది ఒక్కటి వేసెయ్, ముందుది వద్దులే." విజయవాడలో గేర్ సైకిళ్ల సర్వీసింగ్ నా పని, గుంటూరు, మంగళగిరి వైపు నుంచి కూడా బండ్లు వస్తుంటాయి, ఈ క్లిప్-ఆన్ (స్ట్రాపులతో తగిలించి, కావాలంటే తీసేసే) మడ్‌గార్డుల గురించి వచ్చేవాళ్ల మాటలు వింటుంటే సగం తప్పులే, కొన్నయితే బ్రెవేలు (టైములోపు ముగించాల్సిన దూరపు రైడ్లు) తొక్కే సీనియర్లు చెప్పేవి కూడా. రోజూ ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాసి పడేస్తే పోతుందని రాస్తున్నా.

అపోహ: వానలో ఎలాగూ తడుస్తాం, ఇంక మడ్‌గార్డు ఎందుకు?

పైనుంచి పడే వానకి మడ్‌గార్డు ఏమీ చెయ్యదు, అది నిజమే. దానికి రెయిన్ జాకెట్టే దిక్కు, మన ఉక్కలో అదేసుకుంటే లోపల చెమటకి తడుస్తాం, అది వేరే గోల. మడ్‌గార్డు ఆపేది రోడ్డు మీద నీళ్లని. బందరు రోడ్డు మీద మొదటి వాన పడ్డాక టైరు పక్కన లేచే నీళ్ల రంగు ఒకసారి చూడండి, ఇంజినాయిలు, డీజిలు, టైర్ల పొడి, పేడ, పొంగిన డ్రైనేజీ, అన్నీ అందులోనే ఉంటాయి. పైగా మన దగ్గర వాన గంటో అరగంటో కొట్టి పోతుంది, రోడ్డు మాత్రం పూటంతా తడిగానే ఉంటుంది, అంటే ఆకాశం తెరిపిచ్చాక కూడా మీరు తడుస్తూనే ఉంటారు, కాకపోతే కిందనుంచి.

ఎంత ఎత్తు లేస్తాయో చిన్న లెక్క. గంటకి 25 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు, టైరు అంచు నుంచి నీటి బొట్టు కూడా అదే వేగంతో విడిపోతుంది, గాలి అడ్డు లేదనుకుంటే నిటారుగా లేచిన బొట్టు రెండున్నర మీటర్ల దాకా పోతుంది, అంటే ఎనిమిది అడుగులు. గాలి ఎంత ఆపినా మీ వీపుకీ మెడకీ చేరడానికి అది చాలు.

ఇంకోటి, బాటిల్. ముందు చక్రం చిమ్మే బురదంతా డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ కింద నుంచి పెడల్స్ వైపు దిగే ఫ్రేము గొట్టం) మీద ఉండే బాటిల్ మూతి మీదే పడుతుంది, దాన్నే మనం పళ్లతో లాగి తాగుతాం. 2008లో వేల్స్‌లో బిల్త్ వెల్స్ దగ్గర జరిగిన మౌంటెన్ బైక్ రేసు తర్వాత చాలామందికి క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాతో విరేచనాలు పట్టుకున్నాయి, గొర్రెల పెంటికలు కలిసిన బురద నోట్లోకి పోవడం వల్లేనని దర్యాప్తులో తేల్చారు. అక్కడ గొర్రెలు, మన కరకట్ట మీద గేదెలు, అంతే తేడా. మడ్‌గార్డు ఉన్నా లేకున్నా మూతికి క్యాప్ ఉన్న బాటిలే వాడండి.

అపోహ: వెనకది ఒక్కటి ఉంటే చాలు

అసలు ఈ పోస్టు రాయడానికి కారణమే ఇది. వెనక టైరు చిమ్మితే జెర్సీ మీద నల్లటి చార పడుతుంది, ఫొటోలో కనపడుతుంది, ఇంట్లో ఉతికేవాళ్లు తిడతారు, అందుకని అందరి దృష్టీ దాని మీదే. బండికీ మీకూ ఎక్కువ నష్టం చేసేది మాత్రం ముందు చక్రం.

ఎలాగంటే, ముందు టైరు వెనక భాగంలో, నేలకి దగ్గరగా విడిపోయే నీళ్లు పైకి లేవవు, వెనక్కి అడ్డంగా కొడతాయి. అక్కడ ఏమున్నాయి? మీ బూట్లు, క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి), చెయిన్ రింగులు (ముందు పళ్ల చక్రాలు), బాటమ్ బ్రాకెట్ (క్రాంకు తిరిగే చోట ఉండే బేరింగులు). రెండు గంటలు అలా కొడితే ఏ షూ కవరూ ఆగదు, నీళ్లు కాలిపిక్క మీదనుంచి సాక్సులోకి దిగి లోపల నిండుతాయి. ఇక టైరు ముందు భాగంలో పైనుంచి విడిపోయే బొట్లు బండి కంటే ముందుకి పరిగెత్తుతాయి, గాలికి వాటి వేగం తగ్గగానే మీ మొహమే వెళ్లి వాటికి తగులుతుంది. కళ్లలో ఇసక పడుతోందని అందరూ ముందు వెళ్లే లారీని తిట్టుకుంటారు గానీ చాలాసార్లు అది సొంత చక్రం పనే.

వానాకాలం అయ్యాక సర్వీసుకి వచ్చిన బండ్లలో బాటమ్ బ్రాకెట్ విప్పితే టీ డికాక్షన్ లాంటి నీళ్లు కారతాయి, బేరింగ్ సీలు అంచున గోరు పెట్టి గీకితే గ్రీజు స్థానంలో ఎర్రటి తుప్పు ముద్ద, వేలితో తిప్పితే లోపల గరగర. ముందు మడ్‌గార్డు, అదీ కిందిదాకా ఫ్లాప్ ఉన్నది వేసుకుని తిరిగిన బండికీ లేనిదానికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయంటే ముందుదే కొనమంటా. వినేవాళ్లు తక్కువ.

వెనకది అక్కర్లేదని కాదు. గ్రూపుగా బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు లైన్‌లో పోతుంటే మీ వెనక టైరు నీళ్లు తాగేది మీరు కాదు, మీ వెనకవాడు. అంటే వెనక మడ్‌గార్డు సగం మీకు, సగం వాడికి.

అపోహ: సీటు కింద దూర్చే చిన్న ప్లాస్టిక్ ముక్క కూడా మడ్‌గార్డే

అది సీటుకి, మీ షార్ట్స్‌కి గొడుగు. అంతవరకే. కాళ్లకి లేదు, వెనకవాడికి లేదు, బండికి అసలే లేదు. జేబులో మడిచి పెట్టుకోవచ్చు, అనుకోకుండా వాన దొరికితే పనికొస్తుంది, నా బ్యాగులో కూడా ఒకటి ఉంటుంది.

అపోహ: ఫ్రేముకి స్క్రూ రంధ్రాలు లేవు కాబట్టి మడ్‌గార్డు పట్టదు

క్లిప్-ఆన్ పుట్టిందే అలాంటి బండ్ల కోసం. పాలవాళ్ల సైకిల్‌కి ఇనప మడ్‌గార్డు, ఊచలు, చెయిన్ కవరు అన్నీ ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి, ఎందుకంటే ఫ్రేములో దానికి జాగా ఉంచి తయారుచేసేవాళ్లు. రోడ్ బైక్‌లో ఆ జాగా ఉండదు. మామూలు రోడ్ క్యాలిపర్ (రిమ్ముని రెండు వైపులా నొక్కే) బ్రేకు రీచ్, అంటే బ్రేకు బోల్టు నుంచి బ్రేకు రబ్బర్ల దాకా దూరం, 39 నుంచి 49 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల టైరు వేశాక బ్రేకు కింద మిగిలే సందులో మడ్‌గార్డు దూరదు. క్లిప్-ఆన్ ఏం చేస్తుందంటే బ్రేకు జోలికే పోకుండా దాని వెనక నుంచి మొదలవుతుంది, ఫోర్క్ కాళ్లకీ సీట్ స్టేలకీ (సీటు కింద నుంచి వెనక చక్రం ఇరుసుకి దిగే గొట్టాలు) రబ్బరు స్ట్రాపులతో పట్టుకుంటుంది. జర్మనీ ఎస్‌కేఎస్ వాళ్ల రేస్‌బ్లేడ్ లాంటివి ఈ రకమే.

ఇందులో ఒక లోటుంది, అమ్మేవాళ్లు చెప్పరు. బ్రేకు వెనక నుంచి మొదలవుతుంది కాబట్టి ఫోర్క్ పైన ఉండే కింది హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగుకి నీళ్లు కొడుతూనే ఉంటాయి, బ్రేకు ముందు వైపు కూడా ముక్క వచ్చే పొడుగు మోడల్ అయితే కొంత నయం. మామూలుది వేసుకున్నవాళ్లు సీజన్ అయ్యాక హెడ్‌సెట్ విప్పించి గ్రీజు పెట్టించుకోవాల్సిందే.

కొనే ముందు రెండు చూసుకోండి. టైరు వెడల్పు కంటే మడ్‌గార్డు ఓ సెంటీమీటరు ఎక్కువ ఉండాలి, 28 టైరుకి 25 దాకా అని రాసున్న మడ్‌గార్డు వేస్తే అంచుల నుంచి అంతా బయటికే. రెండోది ఫ్రేము ఆకారం, ఏరో (గాలిని కోసుకుపోయేలా చేసిన) ఫ్రేముల్లో ఫోర్క్ కాళ్లు చాకులాగా పలచగా, వెడల్పుగా ఉంటాయి, స్ట్రాపు చుట్టుకోదు, చుట్టుకున్నా జారుతుంది. అలాంటి బండికి వెనక సీట్‌పోస్ట్‌కి బిగించే రకం చూసుకోవాలి. కార్బన్ సీట్‌పోస్ట్ అయితే క్లాంపు కింద రబ్బరు పెట్టి చేత్తో బిగించినంతే, బలం చూపించకూడదు.

అపోహ: రబ్బరు స్ట్రాపే కదా, ఫ్రేముకి ఏమీ కాదు

రబ్బరు ఏమీ చెయ్యదు, రబ్బరు కింద దూరిన ఇసక చేస్తుంది. వారం తర్వాత ఒక స్ట్రాపు తీసి చూడండి, తడి ఇసక సన్నటి గీతలా అంటుకుని ఉంటుంది, గతుకుల రోడ్డుకి మడ్‌గార్డు వణికినప్పుడల్లా అది గరుకు కాగితం రుద్దినట్టు రుద్దుతుంది. ముందు పెయింటు మెరుపు పోయి మచ్చ పడుతుంది, వదిలేస్తే క్లియర్ కోట్ లేచిపోతుంది. స్ట్రాపు తగిలే ప్రతి చోటా ముందే ట్రాన్స్‌పరెంట్ ఫిల్మ్ అతికించాలి. సైకిల్‌కని ప్రత్యేకంగా కొనక్కర్లేదు, కార్లకి పీపీఎఫ్ (పెయింటు గీతలు పడకుండా అతికించే ఫిల్మ్) వేసే షాపుల్లో మిగిలిన తునకలు అడిగితే ఇస్తారు, మేమూ అదే వాడతాం. రైడ్ అవగానే స్ట్రాపులు విప్పి కడిగి, ఆరాక మళ్లీ పెట్టుకోండి, రెండు నిమిషాల పని.

అపోహ: టైరుకి ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా ఆపుతుంది

తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకి ఈ మాట కొంతవరకు ఒప్పే. గుంటూరు జిల్లాలో మాత్రం దీన్ని నమ్ముకుంటే నడుచుకుంటూ ఇంటికొస్తారు. మనది నల్లరేగడి. అమరావతి వైపు పల్లెల్లో టిప్పర్లు తిరిగే చోట వాన పడ్డాక రోడ్డు మీద పరుచుకునే మట్టి ఉంది చూశారూ, అది బురద కాదు, బంక. టైరుకి అంటుకున్న పొర మడ్‌గార్డు సందులోకి పోతుంది, అక్కడ అతుక్కుంటుంది, తర్వాత తిరుగులో ఇంకో పొర, కాసేపటికి చక్రం రాసుకుంటున్న శబ్దం, ఆ తర్వాత చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే మట్టి రాదు, మడ్‌గార్డు విరుగుతుంది. దిగి, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ పుల్లతో తియ్యాలి.

అందుకని టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందుంచండి, చుట్టూ ఒకేలా. ముందు ఓ ఇరవై మీటర్లు నల్లమట్టి పరిచి ఉందని కనపడితే బండిని భుజానేసుకుని దాటడమే మంచిది, క్లిప్-ఆన్ అయితే రెండూ పీకి బ్యాగులో పడెయ్యొచ్చు కూడా, ఫుల్ మడ్‌గార్డు మీద దీనికున్న పెద్ద లాభం అదే.

అపోహ: స్పీడ్ తగ్గిపోతుంది, బండి అందం పోతుంది

ప్లాస్టిక్ సెట్ మొత్తం బరువు అర కిలో లోపే, నిండా ఉన్న పెద్ద బాటిల్ అంతకంటే ఎక్కువ తూగుతుంది. అందం సంగతి నేను చెప్పలేను.

అపోహ: మడ్‌గార్డు ఉంటే చెయిన్ తుప్పు పట్టదు

చెయిన్ మీద పడే ఇసక తగ్గుతుంది, అరుగుదల కూడా తగ్గుతుంది. పైనుంచి పడే వాన మాత్రం పడుతూనే ఉంటుంది కదా. తడిసిన చెయిన్‌ని అలాగే గోడకి ఆనించి పడుకుంటే తెల్లారేసరికి ఎర్రగా ఉంటుంది, మడ్‌గార్డు ఉన్నా సరే. పాత బనీను గుడ్డతో తుడవాలి, ఆరాక చెయిన్ రోలరుకో చుక్క వెట్ లూబ్ (తడిలో నిలిచే చెయిన్ ఆయిలు), మళ్లీ తుడవాలి. చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టేసి అయిపోయిందనుకుంటారు, ఆ పేరే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్ అని, నీటిని తరిమే స్ప్రే అది, చెయిన్ మీద నాలుగు రోజులు నిలబడే ఆయిలు కాదు. తడిని తరమడానికి కొట్టండి, తర్వాత లూబ్ వెయ్యండి.

పనిలో పనిగా ఇంకోటి, నీళ్లు హబ్బు దాకా ఉన్న చోట మడ్‌గార్డుతో సంబంధం లేదు. విజయవాడలోని "లో-బ్రిడ్జి" (ఎత్తు తక్కువ వంతెన) కిందైనా గుంటూరు మూడు వంతెనల కిందైనా దిగి నడిపించుకు వెళ్లండి, నీళ్ల కింద గుంత ఉందో మూత లేని మ్యాన్‌హోలే ఉందో ఎవరికి తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నానిన సైకిళ్లని పైపైన కడిగి వాడేసుకున్నవాళ్లు తర్వాత హబ్బులు, బాటమ్ బ్రాకెట్లు మార్పించుకున్నారు. మునిగిన బండిని పూర్తిగా విప్పాల్సిందే.

అపోహ: ఒకసారి బిగిస్తే సీజనంతా చూడక్కర్లేదు

వెనకది ఊడితే రోడ్డు మీద పడిపోతుంది, వెనక్కొచ్చి ఏరుకుంటారు. ముందుది వదులై చక్రంలోకి ముడుచుకుంటే మీరు హ్యాండిల్ మీదనుంచి ఎగిరి పడతారు. ఫుల్ మడ్‌గార్డుల్లో మంచి కంపెనీలు ముందు ఊచలకి ఒత్తిడి పడితే ఊడిపోయే క్లిప్పులు పెట్టేది అందుకే. క్లిప్-ఆన్ స్ట్రాపు రబ్బరు మన ఎండకి పగుళ్లిస్తుంది, రైడ్‌కి బయల్దేరే ముందు ముందరి మడ్‌గార్డుని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, స్ట్రాపు సాగదీసి పగులు కనపడితే మార్చెయ్యండి. పొట్టివాళ్ల చిన్న ఫ్రేముల్లో ఇంకో సమస్య, నెమ్మదిగా యూ టర్న్ కొట్టేటప్పుడు బూటు ముందు భాగం మడ్‌గార్డుకి తగులుతుంది, రోడ్డెక్కకముందే ఇంటి ముందు హ్యాండిల్ తిప్పి, పెడల్ ముందుకి పెట్టి చూసుకోవాలి.

అపోహ: ఇంపోర్టెడ్ కొంటేనే పనిచేస్తుంది

మంచి కంపెనీవి బాగా కూర్చుంటాయి, ఒప్పుకుంటా. కానీ వాటిల్లో కూడా చాలావాటికి ముందు ఫ్లాప్ పొట్టిగా వస్తుంది, మనకి కావల్సింది అదే కదా. పాత ట్యూబు, మోటార్ సైకిల్‌ది అయితే బెస్టు, అరచేయంత వెడల్పు, జానెడు పొడుగు కత్తిరించి కింది వైపు కొద్దిగా వెడల్పు ఉంచండి, ముందు మడ్‌గార్డు చివర వేడి చేసిన మేకుతో రెండు రంధ్రాలు పెట్టి సన్నటి జిప్ టైలతో కట్టండి. ఆటోనగర్‌లో లారీల మడ్‌ఫ్లాప్ రబ్బరు తెచ్చేవాళ్లున్నారు, అది బరువు, గట్టి, మడ్‌గార్డుని కిందికి లాగేస్తుంది. ఫ్లాప్ కింది అంచు నేలకి నాలుగైదు అంగుళాల పైన ఉంటే స్పీడ్ బ్రేకర్లకి తగిలినా మెత్తగా మడిచి లేస్తుంది, అంతకంటే పైకి కోస్తే బూట్లు తడుస్తాయి.